మెటల్ డిటెక్టర్ పిడి విరిగితే ఏది మేలు: ఫెవిక్విక్కా, అరాల్డైటా, అసిటోనా?

సినిమా హాలు గేటు దగ్గరో, పరీక్షా కేంద్రం ముందో గార్డు చేతిలో ఉండే నల్లటి డిటెక్టర్‌ను ఈసారి కాస్త గమనించి చూడండి. చాలావాటి మెడకు ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంటుంది. చేత్తో పట్టుకునే పిడి, ముందున్న వెడల్పాటి భాగం కలిసే సన్నని చోటు అది. లోపలంతా బోలు. కింద పడితే దెబ్బంతా అక్కడికే చేరుతుంది. విరిగే రెండో చోటు పిడి అడుగున ఉండే బ్యాటరీ మూత, దాని చిన్న గొళ్లెం. రెండింటికీ ఒకే మందు వాడటం వల్లే చాలా రిపేర్లు నిలవవు.

గొడ్డలి కామ చీలితే మేకు కొట్టి, తీగ బిగించి పని కానిచ్చేయవచ్చు. ఇక్కడ ఆ తెలివి పనికిరాదు. ముందు భాగంలో ఉన్న కాయిల్, అంటే సన్నని తీగ చుట్ట, తన చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తుంది. దగ్గరికి లోహం వస్తే ఆ లోహంలో చిన్న విద్యుత్ సుడులు పుట్టి క్షేత్రాన్ని కదుపుతాయి, అప్పుడు బీప్ మోగుతుంది. మెడలో మనమే ఒక స్క్రూ బిగించామనుకోండి, అది ఆగకుండా మోగుతూనే ఉండవచ్చు. మోత ఆపడానికి సెన్సిటివిటీ తగ్గిస్తే అసలు పట్టుకోవాల్సిన బ్లేడు దాటిపోతుంది. బైకు డూములు, కారు బంపర్లు అతికేవాళ్లు వేడి స్టేపుల్ పిన్నులు దించి అతుకు వేస్తుంటారు చూడండి, అది అక్కడికి బాగా పనిచేస్తుంది. డిటెక్టర్ మెడకు మాత్రం వద్దు.

ఇక అతికే మందుల సంగతి.

ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ సెకన్లలో పట్టేస్తుంది, అందుకే అందరి చెయ్యీ ముందు దాని మీదికే పోతుంది. పట్టు బాగానే ఉంటుంది గానీ అతుకు పెళుసు. నిలకడగా లాగితే తట్టుకుంటుంది, ఠపీమని దెబ్బ తగిలితే పగులుతుంది. మెడకు తగిలేవి దెబ్బలే కాబట్టి అక్కడ దాన్ని నమ్ముకోకూడదు. బ్యాటరీ మూత గొళ్లెం ముక్క దొరికితే దాన్ని సరిగ్గా కూర్చోబెట్టడానికి ఇదే సులువు. ముక్క పోయి సందు మిగిలితే వంట సోడా చల్లి పైన చుక్క వేస్తే రాయిలా గట్టిపడుతుంది, తర్వాత ఆకురాయితో ఆకారం తెచ్చుకోవచ్చు.

మెడ పూర్తిగా తెగకుండా చీలిక మాత్రమే వస్తే నా ఓటు అసిటోన్‌కు, అంటే కొన్ని ప్లాస్టిక్‌లను కరిగించే ద్రవానికి. ఈ డొప్పలు ఎక్కువగా ఏబీఎస్ ప్లాస్టిక్‌వి, లోపలి వైపు ఆ అక్షరాలు అచ్చు పోసి ఉంటాయి కూడా. లేకపోతే కనపడని మూల ఒక చుక్క అసిటోన్ రాసి చూడండి. జిగటగా మారితే ఏబీఎస్ అనుకోవచ్చు. పాత ఏబీఎస్ ముక్కల్ని అసిటోన్‌లో నానబెడితే పాయసంలా చిక్కబడుతుంది, దాన్ని చీలికలో పూస్తే రెండు వైపులా కరిగి ఒకటైపోతాయి. అంటే అతకడం కాదు, ప్లాస్టిక్‌ను కలిపేయడం. పూసే ముందు చీలిక ఆగిన కొసన రెండు మిల్లీమీటర్ల బెజ్జం వేయాలి, లేకపోతే అది అక్కడి నుంచి మళ్లీ సాగుతుంది. కిటికీలు తెరిచి, మంటకు దూరంగా చేయాల్సిన పని ఇది. నైలాన్ డొప్ప మీద ఇది పనిచేయదు.

మెడ రెండు ముక్కలైతే అరాల్డైట్ లాంటి ఎపాక్సీయే, అంటే రెండు ట్యూబుల్లో వచ్చే, కలిపి వాడే జిగురే మేలు. తొందరపడితే మాత్రం దండగ. ముందు డొప్ప విప్పి మెడలోంచి వెళ్లే సన్నని కాయిల్ వైర్లు చూడాలి. అవి తెగి ఉంటే పైన ఎంత గట్టిగా అతికినా లోపల పీనుగే. వైర్లు బాగుంటే అతుకు చుట్టూ ఎమెరీ పేపరుతో గరుకు చేసి, రెండు ట్యూబులు సమానంగా కలిపి పూసి, పైన గ్లాస్ ఫైబర్ జాలీ గుడ్డ ఒక చుట్టు వేసి మళ్లీ పూయాలి. బలమంతా ఆ గుడ్డదే. లోపల ఊతం కావాలంటే పాత టూత్‌బ్రష్ కాడ ముక్క పెట్టండి, లోహం కాదు గనక కాయిల్ ఊరుకుంటుంది. పూర్తిగా 24 గంటలు కదపకూడదు. "రాత్రికి డ్యూటీ ఉందన్నా, సాయంత్రానికిచ్చెయ్" అనే గార్డుకు ఇంకో డిటెక్టర్ ఇచ్చి పంపాలి.

ఎం-సీల్ ముద్ద బ్యాటరీ గది అంచు చితికినప్పుడు పనికొస్తుంది. మెడకు పెడితే బరువే తప్ప లాభం లేదు, నున్నటి ప్లాస్టిక్ మీద పెచ్చులా లేచిపోతుంది. సోల్డరింగ్ ఐరన్‌తో కరిగించి అతకడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు: పొగ ఘాటు, వైరు కాలే ప్రమాదం, చూడటానికి కురుపు.

అసలు విరగకుండా చూసుకోవడంలో మణికట్టు తాడును మించింది లేదు. చాలామంది మొదటి రోజే దాన్ని విప్పి పడేస్తారు. బెల్టుకు తగిలించే కవరు రెండోది. వెనక జేబులో దోపుకుని కుర్చీలో కూలబడటం అన్నిటికంటే చెడ్డది. మోగట్లేదని అరచేతికేసి కొట్టడం ఇంకో అలవాటు. పాపం, బ్యాటరీ అయిపోయి ఉంటుంది, అంతే. రోజుల తరబడి వాడకపోతే 9 వోల్ట్ బ్యాటరీ బయటికి తీసిపెట్టాలి, కారితే లోపలి స్ప్రింగులు తుప్పు పడతాయి. కొత్తదానికైనా మెడ మీద పాత సైకిల్ ట్యూబు ముక్క బిగుతుగా తొడిగితే దెబ్బ సగం అదే మింగేస్తుంది. టేపుకు ఆ గుణం లేదు, విరిగాక ముక్కల్ని పట్టి ఉంచడమే దాని పని.

రిపేరు చేశాక ఒకే రూపాయి బిళ్లను ఒకే దూరంలో ముందు భాగం మొదలు నుంచి కొస దాకా రెండు వైపులా తిప్పి, పక్కన ఒక మంచి డిటెక్టర్‌తోనూ అలాగే చేసి చూడండి. ఎక్కడైనా మోగకుండా వదిలేస్తే కాయిల్ జరిగిందన్నమాట. అలాంటిది ఫంక్షన్ హాలు గేటుకు కూడా వద్దు. పరీక్షా కేంద్రాలకూ, వీఐపీ బందోబస్తుకూ అతికినదాన్ని అసలే పంపను. అక్కడికి కొత్తది కొనడమే మేలు.