మాధవరం షెడ్డులో నా వి-క్రాస్‌కి పాత ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పెట్టించా, పదకొండు నెలలైంది

నాది 2019 ఇసుజు వి-క్రాస్, 2.5 డీజిల్ మాన్యువల్ పికప్, మన తడ పక్కన శ్రీసిటీలో తయారైన బండే. మేముండేది చెన్నై రెడ్‌హిల్స్‌లో, పని మాత్రం సూళ్లూరుపేట, గూడూరు వైపు రొయ్యల చెరువులకి మేత, ఏరేటర్ (నీళ్ళలోకి గాలి పంపే మిషన్) సామాను వేసుకెళ్ళడం, వారానికి నాలుగు ట్రిప్పులు. హైవే మీద ఏ బాధా లేదు కానీ సాయంత్రం మూలకడై నుంచి మాధవరం దాకా క్లచ్ తొక్కి తొక్కి ఎడమ మోకాలు వాచిపోయేది, చివరికి లిగమెంట్ ఆపరేషన్ అయ్యాక డాక్టరు గారు ఇక క్లచ్ బండి వద్దనేశారు. బండి అమ్మడానికి మనసొప్పలేదు, కొత్త ఆటోమేటిక్ పికప్ కొనడం నా వ్యాపారానికి తలకి మించిన పని.

ముందు ఒక గ్యారేజీకి వెళ్తే, బండి కిందకి తొంగి కూడా చూడకుండా నాలుగు రోజుల్లో పెట్టేస్తాం లక్ష అడ్వాన్స్ ఇవ్వండన్నారు. భయమేసి వచ్చేశా.

తర్వాత ఫ్రెండ్ చెప్తే మాధవరం ఆంధ్రా బస్టాండ్‌కి కాస్త అవతల, లారీ బాడీలు కట్టే షెడ్ల వరసలో ఉన్న ఈ గేర్‌బాక్స్ షెడ్డుకి వెళ్ళా. నడిపే అన్న వాళ్ళ తాతల కాలంలో పుత్తూరు నుంచి వచ్చినవాళ్ళు, అరవం కలిసిన తెలుగు మాట్లాడతారు. మొదటి రోజు రెండు గంటలు కూర్చోబెట్టి అన్నీ చెప్పారు, ఒక్క రూపాయి అడగలేదు. ఈ రివ్యూ రాయాలనిపించడానికి సగం కారణం అదే.

ఇదే వి-క్రాస్ 1.9 ఇంజిన్‌తో 6 గేర్ల ఆటోమేటిక్‌లో కూడా వచ్చింది కదా, దాని గేర్‌బాక్సే పెట్టేయొచ్చు కదా అన్నా నేను. కాదు సార్, ఆ ఇంజిన్ జాతే వేరు, బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్‌ని ఇంజిన్‌కి బిగించే మూతి) బోల్టులు మీ దానికి కలవవు, మీ ఇంజిన్ 4జేకే1, ఇసుజు వాళ్ళదే ఎంయూ-ఎక్స్ ఎస్‌యూవీలో వచ్చిన 3.0 ఇంజిన్ 4జేజే1, రెండూ అన్నదమ్ములు, దాని వెనకాల ఉండే 5 గేర్ల ఆటోమేటిక్ వెతుకుదాం అన్నారు. నేను అంతకుముందు అమెరికా వాళ్ళ వీడియోలు బాగా చూసి ఉన్నా, అక్కడ కమిన్స్ డీజిల్ ఉన్న రామ్ పికప్పుల్లో కొత్త 68ఆర్‌ఎఫ్‌ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తీసేసి, 2007తో ఆగిపోయిన పాత 48ఆర్‌ఈ పెట్టుకుంటారు, ఇంకా వెనక్కెళ్ళి 1994, 95 నాటి 47ఆర్‌హెచ్ అయితే మొదటి మూడు గేర్లూ ఆయిల్ ప్రెషర్ మీదే, ఒక కేబుల్‌తోనే మారతాయి, వాటికి కంప్యూటర్ అక్కర్లేదు. మనకీ అలాగే అయిపోతుందనుకున్నా. కానీ అన్న, మన దాంట్లో వాల్వ్ బాడీ (ఆయిల్‌ని దారి మళ్ళించే భాగం) లోపల సోలినాయిడ్లు (కరెంటుతో పనిచేసే వాల్వులు) ఉంటాయి, ఏ గేరు ఎప్పుడు పడాలో కంప్యూటరే చెప్పాలి, గేర్‌బాక్స్ బిగించడం చిన్న పని, దానికి బుర్ర పెట్టడం పెద్ద పని అని అప్పుడే చెప్పేశారు. అన్నట్టే అయింది.

ఇంకో మాట, స్పానర్ పట్టుకునే ముందే కాగితాల సంగతి అడిగారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, ముందు ఆర్టీఓలో రాసిచ్చి అడగండి, ఇన్సూరెన్స్ వాళ్ళకి కూడా చెప్పండి, తర్వాతే పని అన్నారు. రెండు వారాలు తిరిగా. మీరూ తిరగండి, ఈ ముక్క మాత్రం వదలొద్దు.

గేర్‌బాక్స్ కోసం పాత బండ్ల సామాను దొరికే పుదుపేటకి ఆయనే నాతో వచ్చారు. మొదటి షాపులో బయటికి మెరిసిపోతోంది, డ్రెయిన్ బోల్టు విప్పి నాలుగు చుక్కలు తెల్లగుడ్డ మీద వేసుకుని వాసన చూసి నా ముక్కు దగ్గర పెట్టారు, మాడిన వాసన, రంగు కాఫీ డికాషన్. వద్దనేశారు. మూడో షాపులో దొరికింది, యాక్సిడెంటైన 2017 ఫోర్ బై ఫోర్ ఎంయూ-ఎక్స్‌ది, ట్రాన్స్‌ఫర్ కేసుతో (ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే పెట్టె) సహా. ఆయిల్ పాన్ విప్పించి లోపలి అయస్కాంతాలు వేలితో తుడిచి చూపించారు, మెత్తటి బూడిద రంగు పేస్టు ఉంటే అరుగుదల మామూలే, ఇనప పొట్టు, నల్లటి క్లచ్ ముక్కలు కనిపిస్తే మాత్రం దణ్ణం పెట్టి వచ్చేయాలట.

బిగించే రోజు నేను అక్కడే ఉన్నా. టార్క్ కన్వర్టర్‌ని (ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ఉండే ఆయిల్ చక్రం) గేర్‌బాక్స్‌లోకి తోస్తూ మెల్లగా తిప్పుతుంటే ఒకసారి టక్కుమంది, ఇంకోసారి టక్కుమంది, కుర్రాడు ఇక ఎక్కించేద్దామన్నాడు. ఈయన ఆపి, బెల్ హౌసింగ్ అంచు మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి వెర్నియర్‌తో లోతు కొలిచారు, చాల్లేదు. మళ్ళీ పైకి లాగి తిప్పుతూ తోస్తే మూడో టక్కు వినిపించింది, కన్వర్టర్ ఇంకో వేలు మందం లోపలికి దిగింది. అది దిగకుండా బోల్టులతో బలవంతంగా బిగిస్తే లోపలి పంపు పగిలిపోతుంది, స్టార్ట్ చేసిన మొదటి రోజే గేర్‌బాక్స్ పోయినట్టే. నాలుగు రోజుల గ్యారేజీలో ఈ మూడో టక్కు కోసం ఎవరు ఆగేవాళ్ళో నాకైతే తెలీదు.

వైరింగ్‌కే తొమ్మిది రోజులు పట్టింది. మాన్యువల్ బండి ఇంజిన్ కంప్యూటర్‌కి ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో మాట్లాడటం రాదు, ఇంజిన్ ఆర్‌పీఎం ఎంత, యాక్సిలరేటర్ ఎంత తొక్కారు, ఇవి అందకపోతే గేర్‌బాక్స్ ఒకే గేరులో మొండికేసి కూర్చుంటుంది. అందుకని విడిగా ఒక కంట్రోలర్ పెట్టి, అంబత్తూరు నుంచి ఒక కుర్రాడు రోజూ వచ్చి ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని నాతో బండి నడిపిస్తూ ఒక్కో షిఫ్టూ సరిచేశాడు. పార్క్‌లో, న్యూట్రల్‌లో తప్ప స్టార్ట్ కాకుండా ఇన్హిబిటర్ స్విచ్ కూడా కలిపారు. ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి చక్రాల వైపు తిరిగే కడ్డీ) పొడవు మార్పించారు, మొదటిసారి 80 దాటితే సీటు కింద వణుకు వచ్చింది, మళ్ళీ బ్యాలెన్సింగ్‌కి పంపారు, దానికి డబ్బులు తీసుకోలేదు. రేడియేటర్ ముందు విడిగా ఆయిల్ కూలర్ పెట్టారు, మే నెల ఎండలో ఎనిమిది వందల కిలోల మేత వేసుకుని వెళ్ళినా వేడి గురించి భయం లేదు.

మొత్తం 2,46,000 అయింది. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు 1,15,000, కంట్రోలర్, వైరింగ్ 48,000, షాఫ్ట్ 11,000, కూలర్, ఆయిల్ 17,000, కూలీ 55,000. ముందు చెప్పింది 2,20,000, పెరిగిన ప్రతిసారీ ఫోన్ చేసి సరేనన్నాకే చేశారు. టైమ్ విషయంలో మాత్రం కోపమొచ్చింది, 20 రోజులన్నది 37 రోజులైంది, ఆ లోపు అద్దె బండికి బాగా వదిలింది. మైలేజీ పన్నెండున్నర నుంచి పదకొండుకి పడింది. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఒక చిన్న కుదుపు ఇప్పటికీ ఉంది, రెండుసార్లు సరిచేశారు, తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

మోకాలు నొప్పి మాత్రం పోయింది. క్లచ్ బరువని ఈ బండి ఎప్పుడూ ముట్టుకోని మా ఆవిడ ఇప్పుడు తనే సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి నడుపుకుంటూ వెళ్ళొస్తోంది.

వెయ్యి కిలోమీటర్లకి పిలిచి పాన్ విప్పి అయస్కాంతం మళ్ళీ చూపించారు, శుభ్రంగా ఉంది. షెడ్డు ఆదివారం ఉండదు, మిగతా రోజుల్లో పొద్దున పదిలోపు వెళ్తే అన్నతోనే మాట్లాడొచ్చు, మధ్యాహ్నం అయితే బండి కిందే ఉంటారు, బయటికి వచ్చేదాకా ఆగాలి.