ఓటీజీ నాబ్ మీద 180 అని ఉన్నంత మాత్రాన లోపల 180 ఉండదు (మూడేండ్లు వాడినంక చెప్తున్న)

మూడేండ్ల కింద దసరా ఆఫర్ల తీసుకున్న ఈ ఓటీజీ (కేకులు, కుకీలు కాల్చే చిన్న కరెంటు ఓవెన్), 28 లీటర్లది. రాడ్లెన్ని, ట్రేలెన్ని అన్నది డబ్బా మీదనే ఉంటది, అది మళ్ల నేను చెప్పుడెందుకు. నేను కొన్నది ఒక్క పని కోసం, మెత్తటి కుకీలు. మా నాయినకు పండ్లు సగం ఊడినయ్, బేకరీ బిస్కెట్ చాయ్‌ల ముంచితే గాని తినలేడు, ముంచితేనేమో సగం విరిగి కప్పుల పడ్తది, ఆయనకు అది చిరాకు. చేత్తో పట్టుకుంటే విరగకుండ, నోట్ల పెట్టుకుంటే మెత్తగ ఉండేటివి చేసి దేవరకొండ పోయినప్పుడల్లా ఒక డబ్బా తీస్కపోవాలని నా ఆశ.

రెండేండ్లు ఒక్క వాయి కూడా మెత్తగ రాలేదు.

ఏం చెయ్యలేదని అడగండి. చక్కెర తీసేసి బెల్లం పొడి వేసిన, బెల్లం తేమ పట్టి ఉంచుతది కదా అని. గుడ్డుల పచ్చసొన ఎక్కువ వేసిన. మైదాల ఒక చెంచా కార్న్ ఫ్లోర్ కలిపిన. పిండి ఎక్కువ పిసికితే సాగి గట్టిపడ్తదంటే గరిటెతోటి నాలుగు తిప్పులకే ఆపిన. ముద్దలు చేసి గంటసేపు ఫ్రిజ్‌ల పెట్టిన. ఇయ్యన్నీ పనికొచ్చేటియే, ఇప్పటికీ అట్లనే చేస్తున్న. కానీ అప్పుడు ఏం జరిగేదంటే, నాబ్ 180 కి తిప్పి పావుగంట ప్రీహీట్ చేసి ట్రే పెడితే అందరూ చెప్పే 12 నిమిషాలకు పిండి పచ్చిగనే ఉండేది, వెన్న కరిగి ముద్ద అప్పడం లెక్క పరుచుకునేది, రంగు రాలేదని ఇంకో పది నిమిషాలు ఉంచేదాన్ని, రంగొచ్చేటాలకు లోపలి తేమంత పోయేది, చల్లారినంక రాయి. ఒకసారి నాయిన "బాగున్నయ్ బిడ్డా" అన్నడు, కానీ కంచంల సగం ముక్క అట్లనే ఉన్నది, నేను చూసిన. బస్సుల వచ్చేటప్పుడంత అదే కండ్ల ముందు.

వారంటీల ఉన్నప్పుడే ఫోన్ చేసి సర్వీస్ అతన్ని పిలిపించిన. వచ్చిండు, ఆన్ చేసిండు, రాడ్లు ఎర్రగైనయ్, "ఓవెన్ మంచిగనే ఉంది మేడం, మీ పిండిలనే ఏదో తేడా" అని సంతకం పెట్టించుకొని పోయిండు. లోపల వేడి ఎంతుందని కొలిచి చూడలేదు. ఆ మాట నమ్మి ఇంకో ఏడాది మైదాలు మార్చుకుంట కూసున్న. నా కోపమంత అక్కడనే.

అసలు సంగతి బయటపెట్టింది మా మరిది. బీఫార్మసీ చదువుతున్నడు, ల్యాబ్‌ల మెల్టింగ్ పాయింట్లు చూస్తరట. నేను ఓవెన్ ముందర కూసొని ఏడుపు మొఖం పెడితే, "వదినా, చక్కెర 186 డిగ్రీల కాడ కరుగుతది, దాంతోటే చూద్దం పట్టు" అన్నడు. అల్యూమినియం ఫాయిల్‌ను చిన్న గిన్నె లెక్క మడిచి ఒక చెంచా చక్కెర పోసి, నాబ్ 190 మీద పెట్టి మంచిగ వేడెక్కినంక సరిగ్గ ట్రే ఉండే చోట పెట్టినం. పావుగంట చూసినం. చక్కెర తెల్లగ పలుకు పలుకుగ ఎట్ల పోసింది అట్లనే ఉన్నది. నిజంగ 190 ఉంటే కరగాలె. మళ్ల కొత్త చక్కెర, 200. లేదు. 210. లేదు. 220 కి తిప్పినంక అంచుల కాడ నీళ్ల లెక్క కరుగుడు మొదలైంది. అంటే నాబ్‌కు, లోపలి వేడికి ఇంచుమించు 30 డిగ్రీల తేడా! రెండేండ్ల సంది నేను 180 అనుకున్నది 150. నాకు నోట మాట రాలేదు, సంతోషమో కోపమో తెల్వదు, రెండూ ఉన్నయ్. (ఒకటి గుర్తుపెట్టుకోండి, అదే చక్కెరను గంటల తరబడి ఉంచొద్దు, ఎక్కువసేపుంటే తక్కువ వేడికి కూడా రంగు మారి కరుగుతది, పావుగంటనే లెక్క.) తర్వాత ఓవెన్ల పెట్టే చిన్న థర్మామీటర్ కూడా తెప్పించుకున్న, అది గూడ 150 చుట్టుపక్కలనే చూపెట్టింది.

నల్లగొండ గడియారం సెంటర్ కాడ రిపేర్ షాపాయనను అడిగితే విప్పి చూపెట్టిండు. రెండు రకాల లోహాలు అతికించిన చిన్న పట్టీ ఉంటది, వేడికి ఒకటి ఎక్కువ సాగుతది ఒకటి తక్కువ, పట్టీ వంగి కరెంటు కట్ చేస్తది. మా దాంట్ల అది నాబ్ పక్క గోడకున్నది, నడుమ ట్రే కాడ కాదు. గోడ కాడ వేడి కాంగనే కట్ చేసేస్తున్నదన్నట్టు.

ఇప్పుడు నాబ్ 210 దాటించి పెడ్త. 100 గ్రాముల బటర్, 100 బెల్లం పొడి, ఒక గుడ్డు, 160 మైదా, అర చెంచా వంటసోడా. మన దిక్కు బత్తాయిలకు కొదవలేదు కాబట్టి ఒక కాయ పైతోలు సన్నగ తురిమి వేస్త, తెల్లభాగం పడొద్దు, చేదైతది. పది నిమిషాలకు అంచు పట్టుకుంటది, నడుమ ఇంక పచ్చిగ ఉన్నట్టే అనిపిస్తది, అప్పుడే తియ్యాలె. ధైర్యం చేసి తియ్యండి. వేడి ట్రే మీద ఇంకో పది నిమిషాలుంటే మిగిలింది అదే ఉడుకుతది. మొదటి మంచి వాయి దేవరకొండ తీస్కపోతే నాయిన చాయ్ పక్కకు పెట్టి ఉత్తగనే తిన్నడు, "ఇంకోటియ్యి" అన్నడు. నాలుగో రోజు కూడా మెత్తగనే ఉన్నయట, డబ్బాల ఒక బ్రెడ్ ముక్క పెట్టిన, దాని తేమ కుకీలకు పడ్తది.

కొన్న నెలకే మా వదినకు ఇది మస్తుంది, కేకులు మంచిగొస్తున్నయ్ అని చెప్పి కొనిపిచ్చిన. కేకులు వచ్చినయ్ నిజమే, కానీ అది ఎక్కువసేపు ఉండేది కాబట్టి వేడి తక్కువైనా సర్దుకున్నది, అంతే అని ఇప్పుడు అర్థమైతున్నది. తలుపు గట్టిగ పడ్తదని కూడా చెప్పిన, ఇప్పుడు కింద మూల కాడ కొంచెం వదులైంది. వెనక కుడిపక్క వేడి ఎక్కువ, సగంల ట్రే తిప్పకపోతే అక్కడి రెండు మాడుతయ్.

కొనొచ్చా అంటే, మేము ఇంట్ల అయిదుగురం, వారానికి ఒక ట్రే, ఏప్రిల్ మే నెలల్ల అసలు ముట్టుకోను, నల్లగొండ ఎండకు పిండి చేతులనే కరుగుతది. నాకైతే నడుస్తున్నది. అమ్మకానికి చేసేటోళ్లకు మాత్రం నేను చెప్పలేను, రోజు పది ట్రేలంటే ఈ నాబ్ తోటి కష్టం అనిపిస్తది. మీది వేరే కంపెనీదైనా సరే, కొన్న రోజే ఒక చెంచా చక్కెర పెట్టి చూస్కోండి.

నాబ్ మీద నెయిల్ పాలిష్ తోటి ఎర్రచుక్క పెట్టిన, మా అత్తమ్మ కూడా అక్కడికే తిప్పుతది. రెండు నెలల కింద మళ్ల చక్కెర పెట్టి చూస్తే ఆ చుక్కను ఇంకొంచెం జరపాల్సొచ్చింది.