పట్టుదారం గాజులా, ఊలు బంతిపూలా? పదిమంది చేరిన సాయంత్రానికి ఏది మేలు

ఆషాఢం చివర్లో ఒక శనివారం సాయంత్రం మా అపార్ట్‌మెంటు ఆడవాళ్లమంతా పై అంతస్తు హాల్లో చేరతాం. పేరంటం కాదు, చీటీ పాటా కాదు. చాపలు పరుచుకుని ఏదో ఒకటి చేతులతో తయారుచేయడం, పులిహోర తినడం, చేసినదాన్ని పట్టుకుని ఎవరింటికి వారు పోవడం. ఏం చేయాలో తేల్చే పని నాలుగేళ్లుగా నా నెత్తిన ఉంది. గాజులు చేయించాను, కాగితం బుట్టకమ్మలు చేయించాను, ప్రమిదలకు రంగులు వేయించాను, ఊలుతో తోరణాలు కట్టించాను. ఈ నాలుగింటిలో ఏది మేలో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. మొదటి ఏడాది అడిగి ఉంటే మాత్రం తప్పు చెప్పేదాన్ని.

అప్పట్లో నాకు తెలియనిది ఒకటే. వస్తువు అందంగా రావడం వేరు, సాయంత్రం బాగా గడవడం వేరు. పిలుపులో రెండున్నర గంటలని రాస్తాం. అందరూ వచ్చి కుదురుకునేసరికి అరగంట పోతుంది, తినడానికి ఇంకో అరగంట. మిగిలేది గంటన్నర. ఆ గంటన్నరలో కూర్చునేవాళ్లు పన్నెండేళ్ల పిల్ల నుంచి డెబ్బై దాటిన పిన్నిగారి వరకూ ఉంటారు. కొందరికి సూదిలో దారం ఎక్కించడం వెన్నతో పెట్టిన విద్య, కొందరికి కత్తెర పట్టుకోవడమే కొత్త. దేన్నైనా ఈ గంటన్నరకు పెట్టి చూడాల్సిందే.

ముందు గాజుల సంగతి. అందరూ మొదట అడిగేవీ, ఫొటోల్లో అందరినీ పడేసేవీ ఇవే. సాదా ప్లాస్టిక్ గాజు మీద పట్టుదారం చుట్టి, పైన రాళ్ల గొలుసు అతికిస్తే చీరకు సరిపోయే రంగు గాజు వస్తుంది. వరలక్ష్మీ వ్రతానికి వాయనంలో పెట్టుకోవచ్చని మా వాళ్ల ఆశ. పని తీరు ఇది: అట్టముక్కకు దారాన్ని ఇరవై చుట్లు చుట్టి ఒక చివర కత్తిరిస్తే ఇరవై పోగుల కట్ట చేతికొస్తుంది. సన్నటి గాజు ఒకదానికి దాదాపు మీటరు పొడవు కట్ట కావాలి. మొదటి కొసను గాజు లోపలివైపు జిగురుతో అంటించి, పోగులు మెలిపడకుండా పరిచినట్టు చుట్టుకుంటూ రావాలి. కిటుకంతా ఆ పరచడంలోనే ఉంది. ఒక్క పోగు మెలిపడినా వెలుతురులో గీతలా కనిపిస్తుంది. జిగురు ఎక్కువైతే పట్టు మీద ముదురు మచ్చ పడుతుంది, అది ఎండినా పోదు.

కొత్త చేతికి ఒక గాజు చుట్టడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఒక్క గాజు ఎవరు వేసుకుంటారు? కనీసం జత కావాలి, రాళ్లు అతకాలి, అవి కదలకుండా గంటైనా ఆరాలి. అంటే గంటన్నరకు జత గాజులు మాత్రమే, అదీ పరుగుల మీద.

మేం దెబ్బతిన్నది మాత్రం ఇంకోచోట. గాజుల కొలతలో 2.6 అంటే రెండున్నర అంగుళాల పైమాటని చాలామంది అనుకుంటారు. కాదు. చుక్క తర్వాతి అంకె అంగుళంలో పదహారో వంతుల లెక్క. 2.4 అంటే రెండుంపావు అంగుళాలు, 2.8 అంటే సరిగ్గా రెండున్నర. మధ్యలోని 2.6 సుమారు 60 మిల్లీమీటర్లు. ఒక్కో కొలతకూ తేడా మూడు మిల్లీమీటర్లే. దారం చుట్టగానే లోపలి వెడల్పు కొంత తగ్గిపోతుంది. పైగా దారం గాజు మట్టిగాజులా నున్నగా జారదు, మెటికల దగ్గర పట్టేస్తుంది. నేను అందరి కొలతలూ శ్రద్ధగా రాసుకుని, సరిగ్గా అవే తెచ్చాను. సాయంత్రం చివర పన్నెండు మందిలో ఐదుగురికి సొంత గాజులు చేతికెక్కలేదు. మూడో అంతస్తు పిన్నిగారు తన గాజును దీపం దగ్గర పెట్టి అటూ ఇటూ తిప్పి చూసుకుని, “అమ్మాయ్, బ్రహ్మాండంగా కుదిరింది. నాకు కాదులే, మా మనవరాలికి” అన్నారు. అందరూ నవ్వారు, నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. చుట్టే గాజు ఎప్పుడూ ఒక కొలత పెద్దది తీసుకోవాలి. ఈ మాట కొట్టువాడూ చెప్పడు, ఫోనులో వీడియో పెట్టేవాళ్లూ చెప్పరు.

రెండో ఏడు కాగితం బుట్టకమ్మలు. తయారైన వస్తువును మాత్రమే చూస్తే నాలుగింటిలో నాకు ఇవే ఇష్టం. దూది ముక్కంత తేలిక, చెవి సాగదు. ఐదు మిల్లీమీటర్ల కాగితపు పట్టీలను నాలుగైదు కొసాకొసా అతికించి, బిళ్లలా బిగుతుగా చుట్టి, మధ్యలో బొటనవేలితో మెల్లగా నొక్కితే గోపురంలా లేస్తుంది. లోపలివైపు జిగురు పూస్తే ఆ ఆకారం నిలుస్తుంది. అయితే వేలు ఒక్కసారి జారిందంటే బిళ్ల మొత్తం స్ప్రింగులా విచ్చుకుని ఒడిలో పడుతుంది. ఆ భయంతో పన్నెండు మందీ తలలు వంచేసుకుని పరీక్ష హాల్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. గంటసేపు మాట లేదు, నవ్వు లేదు. కళ్లజోడు తెచ్చుకోని ఇద్దరు మధ్యలోనే వంటగదిలోకి వెళ్లి పులిహోర కలిపే పని అందుకున్నారు. జిగురు ఆరనిదే వార్నిష్ వేయలేం, వార్నిష్ ఆరనిదే కొక్కెం తగిలించలేం. చివరికి అందరూ తడి బిళ్లలను స్టీలు డబ్బాలో పెట్టుకుని వెళ్లారు. వాటిలో ఎన్ని చెవులకెక్కాయో నేను అడగలేదు. ఇద్దరు ముగ్గురు నేర్పరులు రెండు పూటలు కూర్చుంటే క్విల్లింగు అనే ఈ కాగితపు చుట్టల పనిని మించింది లేదు. పదిమందికి వద్దు.

మట్టి నగలు చేద్దామని ప్రతి ఏడూ ఒకరు అంటారు. అసలైన మట్టి నగ ఆరాలి, ఆ తర్వాత కాలాలి. కాల్చక్కర్లేని మెత్తటి మట్టి దొరుకుతుంది కానీ అది గట్టిపడటానికి రోజు పడుతుంది, ఆషాఢపు ముసురులో ఇంకా ఎక్కువే. లక్క గాజులు చేద్దామని అన్నవారూ ఉన్నారు. వారిని ఒకసారి లాడ్ బజారుకు తీసుకెళ్లి చూపించాను. బొగ్గుల సెగ మీద లక్కను మెత్తబరచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి ఆరకముందే ఒక్కో రాయినీ పొదుగుతారు. 2024లో భౌగోళిక గుర్తింపు దక్కిన పనితనం అది, చాప మీద కూర్చుని గంటన్నరలో నేర్చుకునేది కాదు. కొనుక్కుని వచ్చేశాం.

ప్రమిదలకు పిల్లలే రాజులు. మామూలు మట్టి ప్రమిదను ముందురోజు నీళ్లలో నానబెట్టి పూర్తిగా ఆరబెడితే తర్వాత నూనె అంతగా పీల్చదంటారు. నీళ్లలో కలిసే యాక్రిలిక్ రంగు పావుగంటలో ఆరిపోతుంది, పొరపాటు చేస్తే పైన ఇంకో పూత. ఖర్చు అన్నిటికంటే తక్కువ. చెప్పాల్సిన జాగ్రత్త ఒక్కటే: రంగులూ అద్దాలూ బయటివైపే. వత్తి ఆనే మూతి దగ్గర రంగు గానీ జిగురుతో అతికించిన రాయి గానీ ఉండకూడదు. వేడికి జిగురు కరిగి రాయి నూనెలో పడటం మా ఇంట్లోనే చూశాను. పెద్దవాళ్లకు మాత్రం అరగంటలో ఈ పని తీరిపోతుంది, ఆపై చేతులు ఊరికే ఉంటాయి.

ఇక ఊలు బంతిపూలు. మొదట్లో నాకు చిన్నచూపే. బంతిపూలు, మామిడాకులు ఊరంతా దొరికే చోట ఊలు పువ్వులేమిటని అనుకున్నాను. పండుగ రోజు గుమ్మానికి పచ్చి మామిడాకులే కట్టాలన్న నా పంతం ఇప్పటికీ మారలేదు. అయితే ఆ ఆకులు మూడో రోజుకు గలగలలాడతాయి. మిగతా రోజుల గుమ్మానికి ఇవి చక్కగా ఉంటాయి.

చేయడం ఇంతే: ఎడమచేతి నాలుగు వేళ్లకు పసుపు ఊలును ఎనభై చుట్లు చుట్టాలి. వేళ్ల నుంచి జాగ్రత్తగా తీసి నడుమ గట్టి దారంతో బిగించి రెండు ముడులు వేయాలి. ఊలుతోనే ముడి వేస్తే లాగినప్పుడు పుటుక్కున తెగుతుంది, అందుకే పూలు కుట్టే దారం. రెండు పక్కల మడతలు కత్తిరించి విదిలిస్తే గుప్పున విచ్చుకుంటుంది. అప్పుడది బంతిపువ్వులా ఉండదు, నిద్రలేచిన పిల్లాడి జుట్టులా ఉంటుంది. చుట్టూ తిప్పుతూ కొసలు సమంగా కత్తిరించేకొద్దీ గుండ్రం తేలి, పువ్వు కనిపిస్తుంది. యాభై గ్రాముల ఉండకు ఏడెనిమిది పూలు వస్తాయి. ముడి వదులైతే మాత్రం పువ్వు రాలిపోతుంది, అదొక్కటే దీని లోపం.

పని చేస్తుంటే కళ్లు దాని మీద ఉండనక్కర్లేదు. లెక్క తప్పి తొంభై చుట్లు చుట్టినా నష్టం లేదు, పువ్వు ఇంకాస్త నిండుగా వస్తుంది. చేతులు తిరుగుతుంటే నోళ్లు ఖాళీ. కీళ్లనొప్పులతో ముడి వేయలేని పిన్నిగారు చుట్టి ఇస్తే పక్కనున్న పిల్ల ముడి వేసింది, ఆ పక్కావిడ కత్తిరించింది. గాజుల సాయంత్రం ఎవరి గాజు వారిది, ఒకరి గాజులో ఇంకొకరి వేలు పెట్టలేం. ఇక్కడ పూలన్నీ నడుమ ఉన్న తాంబాళంలో పడ్డాయి. తలకు ఐదు చొప్పున అరవై పూలు. మూడడుగుల గుమ్మానికి మధ్యమధ్య ఆకుపచ్చ గుడ్డతో కత్తిరించిన మామిడాకులు వేస్తే పదిహేను చాలు. ఆ సాయంత్రం నాలుగు తోరణాలు తయారయ్యాయి, చీట్లు వేసి నలుగురికి ఇచ్చాం. తడి లేదు, ఆరబెట్టడం లేదు, సంచిలో కుక్కినా చెడదు. డాలస్‌లో ఉన్న మా చెల్లెలు బతుకమ్మ ముందు ఇదే చేయించింది. చుట్టడానికి సాదా గాజులు అక్కడ వెతికి తెప్పించుకోవాలి కానీ, ఊలు ఏ కొట్లోనైనా ఉంటుందట.

అయినా గాజుల మీద మోజు పోయేది కాదని తెలుసు. ఆరుగురు లోపు ఉండి, చేతికి ధరించేదే కావాలంటే గాజులు పెట్టుకోండి, కొలత ఒకటి పెంచి, రాళ్ల గొలుసులు ముందే ముక్కలుగా కత్తిరించి ఉంచండి. పిల్లలు ఎక్కువైతే ప్రమిదలు. అంతకు మించి ఎవరు వచ్చినా, ఎంతమంది వచ్చినా నా ఓటు ఊలుకే. ఈసారి ముదురు పసుపు, నారింజ రంగుల ఉండలు చెరి నాలుగు చెప్పాను.

ఊలుతో కొరతపడేది కత్తెర ఒక్కటే. మొద్దు కత్తెర ఊలును నములుతుంది, తెంచదు. కాబట్టి ఎవరి పదును కత్తెర వారే తెచ్చుకుని, పిడికి గుర్తుగా రంగు దారం కట్టుకోవాలని ఈసారి పిలుపులోనే రాశాను. పోయినసారి మూడు కత్తెరలు ఇల్లు మారాయి. వాటిలో ఒకటి ఇంకా మా సొరుగులోనే ఉంది, ఎవరిదో ఎవరూ చెప్పడం లేదు.