నైట్రేట్ తగ్గించే రెజిన్ సంచి: మూడు వారాల వాడకం తర్వాత

నా అక్వేరియంలో నైట్రేట్ (చేపల వ్యర్థాల వల్ల నీటిలో పేరుకునే పదార్థం) లీటరుకు 80 మిల్లీగ్రాములకు చేరడంతో, ఫిల్టరులో పెట్టే ఈ రెజిన్ (చిన్న పూసల్లాంటి పదార్థం) సంచిని కొన్నాను. నైట్రేట్‌ను పట్టుకొని, బదులుగా క్లోరైడ్‌ను నీటిలోకి వదలడం దీని పని. ఆ పనిని ఇది నిజంగానే చేసింది, వారం తిరిగేసరికి నైట్రేట్ పరీక్షనాళికలో ఎక్కువను చూపే ముదురు ఎరుపు, తక్కువను చూపే నారింజ రంగుకు దిగింది. పరీక్ష కిట్‌లోని రెండో ద్రావణం సీసాను గట్టిగా కుదపకపోతే ఫలితం తక్కువగా కనబడి మోసపోతాం, ఇది మరవకూడదు. అయితే మూడో వారానికి రెజిన్ నిండిపోయింది. ఉప్పునీటిలో నానబెట్టి శుభ్రంగా కడిగితే తప్ప మళ్లీ పనిచేయలేదు. కొత్త నీటిలో నైట్రేట్ లేనప్పుడు, సగం నీరు మారిస్తే చాలు, అది వెంటనే సగానికి తగ్గుతుంది. కాబట్టి కొళాయి నీటిలోనే నైట్రేట్ ఎక్కువగా ఉన్నవారికి మాత్రమే ఈ సంచిని మనస్ఫూర్తిగా సూచిస్తాను.