ఆ అంకె మీద మా అమ్మ క్యాలెండర్ కాగితం అతికించింది: ఏడేళ్ల ఇన్వర్టర్ సంగతి

మా ఇన్వర్టర్‌కు ముందు వైపు చిన్న తెర ఉంది. కరెంటు పోగానే అందులో గంటలు, నిమిషాలు వెలుగుతాయి, ఇంకా ఎంతసేపు వస్తుందో చెప్పడానికి. 2018 సెప్టెంబరులో హనుమకొండ దుకాణంలో నాలుగు రకాలు చూపిస్తే, ఆ తెర కోసమే దీన్ని తెచ్చుకున్నాను. పక్కనున్నది పదిహేను వందలు తక్కువే, కానీ దానికి మూడు చిన్న లైట్లు తప్ప ఏమీ లేవు. బ్యాటరీతో కలిపి ఇరవై వేల పైచిలుకు పెట్టేటప్పుడు పదిహేను వందలకు చూసుకుంటామా అనిపించింది.

ఎన్ని వీఏ, ఏ కంపెనీ అన్నవి వదిలేస్తున్నాను. అందరి ఇళ్లలో ఉండే సరుకే: 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీలో ఎంత నిల్వ ఉంటుందో చెప్పే కొలత) పొడుగు ట్యూబులర్ బ్యాటరీ, వీధి కరెంటు లాంటి కరెంటే ఇచ్చే సైన్ వేవ్ ఇన్వర్టర్. ఈ సమీక్ష అంతా ఆ అంకె గురించే.

మొదటి నాలుగేళ్లు ఆ అంకెను చూసి నేను మురిసిన మాట నిజం. ఎండాకాలం రాత్రి కరెంటు పోతే లేచి వెళ్లి చూసేవాణ్ని. 8:10 అని ఉండేది. హాయిగా వచ్చి పడుకునేవాణ్ని. గంటలోపే కరెంటు వచ్చేది కాబట్టి ఆ ఎనిమిది గంటలు నిజంగా ఉన్నాయా లేవా అని తేల్చుకునే అవసరం ఒక్కసారీ పడలేదు. జమ్మికుంటలో ఉండే మా బావతో, ఆఫీసులో ఇంకో ఇద్దరితో ఇదే మోడల్ కొనిపించాను కూడా. ‘నీళ్లు పోయడం తప్ప దీనితో పనేం లేదు బావా’ అన్నాను. ఆ మాటలో ‘నీళ్లు పోయడం తప్ప’ అన్న ముక్కను నేనే సరిగ్గా వినలేదు.

ఇక 2023 జులై 27 సంగతి. ఆ వారం వాన గురించి మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 65 సెంటీమీటర్ల దాకా కురిసింది. మోరంచపల్లిలో జనం మిద్దెలెక్కితే హెలికాప్టర్లు వచ్చాయి. మా ఇల్లు నయీంనగర్ నాలాకు దగ్గర్లోనే, రెండు వీధుల అవతల. మేం పై అంతస్తులో ఉంటాం, కింద అద్దెకు ఒక ఆటో అన్న కుటుంబం. తెల్లవారుజామున నాలుగు దాటాక కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర నీళ్లు నిలిస్తే లైను ఆపక తప్పదు, అందులో ఎవరినీ అనేదేం లేదు. తెర మీద 7:40 అని ఉంది. మధ్యాహ్నం లోపు రాకపోతుందా అనుకున్నాను.

అయిదింటికి కిందివాళ్ల గుమ్మం దాటి నీళ్లొచ్చాయి. ఆటో అన్న, వాళ్లావిడ, పిల్లలిద్దరు, ముసలవ్వ, బియ్యం సంచీతో, బట్టల మూటతో పైకి వచ్చేశారు. మేం ఆరుగురం, వాళ్లు అయిదుగురు. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. వాళ్లకూ ఒక పాత ఇన్వర్టర్ ఉంది, మెట్ల కింద నేల మీద. వీధిలో కరెంటు లేదు కదా అని ఆయన మిగిలిన సామాను కోసం మళ్లీ నీళ్లలోకి దిగబోయాడు. వీధి కరెంటు పోయినా ఇన్వర్టర్ లైను మీదున్న ప్లగ్గుల్లో 230 వోల్టులు అలాగే ఉంటాయి. నాకప్పుడు ఎలా తట్టిందో తెలియదు గానీ, నీళ్లు అందుకోకముందే దాని స్విచ్చి ఆర్పించాను. ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

పదకొండు మంది, తడి బట్టలు, తలుపులన్నీ మూసిన ఇల్లు. మూడు ఫ్యాన్లు వేశాం. ఫోన్లన్నీ వరసగా చార్జింగుకు పెట్టాం. అవ్వ అడిగింది: ‘ఇంకెంతసేపొస్తదట బిడ్డా?’ నేను తెర చూసి, ‘అయిదున్నర గంటలవ్వా’ అన్నాను, ఏదో నా జేబులోంచి తీసి ఇస్తున్నట్టు. ఆ పొద్దున ఇంట్లో ప్రతి నిర్ణయమూ ఆ అంకెను చూసే తీసుకున్నాం. పిల్లల గదిలో ఫ్యాన్ ఆపాలా వద్దా, రౌటర్ ఉంచాలా తీసేయాలా, అన్నీ.

మా బాపుకు ఆయాసం. రోజూ పొద్దున ఏడింటికి నెబ్యులైజరు (మందును పొగలా చేసి పీల్పించే మిషను) పెట్టాలి, అలాంటి ముసురులో మళ్లీ పదింటికి కూడా. ఏడింటికి అది వేయగానే తెర మీద 5:20 కాస్తా 1:10 అయింది, కుయ్ కుయ్‌మని కూత మొదలు. నాకు గుండె జారింది. పది నిమిషాలయ్యాక ఆపితే 4:30కు ఎక్కింది. ‘హమ్మయ్య’ అనుకున్నాం అందరం. బుద్ధి ఉన్నవాడైతే అక్కడే అనుమానపడాలి. మూడు గంటలకు పైగా సమయం ఎక్కడికి పోయింది, మళ్లీ ఎక్కణ్నుంచి వచ్చింది? నేను మాత్రం పెద్ద అంకెనే నమ్మాను. చిన్నది చూపినప్పుడు దానికి ఏదో తేడా చేసిందనీ, పెద్దది చూపినప్పుడు కుదుటపడిందనీ అనుకున్నాను. ఫ్యాన్లు ఆపలేదు.

తొమ్మిదింపావుకు తెర మీద 3:20. టీ తాగి వచ్చి చూస్తే 0:12. నేను చూస్తుండగానే తెర ఆరిపోయింది, ఫ్యాన్లు ఆగిపోయాయి. అంతమంది ఉన్న ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది, వాన చప్పుడు తప్ప. బాపుకు పదింటి మందు ఇంకా ఇవ్వలేదు. వీధిలో తొడల లోతు నీళ్లు.

నోట్లో కొట్టుకునే ఇన్‌హేలర్ పంపు ఉంది, డాక్టరు రాసిచ్చినదే. దానికి తగిలించే గొట్టం, స్పేసర్ కూడా ఉంది. కానీ కొత్తది తెద్దాం తెద్దాం అంటూనే పాతదాన్ని చివరి దాకా తెచ్చాను. దానికీ ఒక అంకె ఉంటుంది, ఎన్నిసార్లు వస్తుందో చెప్పేది. 9 అని ఉంది. (ఆ అంకె మాత్రం అబద్ధమాడలేదు. తర్వాత తొమ్మిదిసార్లూ వచ్చింది. ఒక్కొక్క నొక్కును లెక్కపెట్టే అంకెకూ, ఊహించి చెప్పే అంకెకూ తేడా ఏమిటో నాకప్పుడే అర్థమైంది.) కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ఆ తొమ్మిదిని రాత్రికి దాచుకోవాలనిపించింది.

అప్పుడు ఆటో అన్న చెప్పిన మాట నేను మర్చిపోలేను. ‘అన్నా, అన్నీ బంద్ జెయ్యుండ్రి. బోర్డు మీద ఒక్క స్విచ్చి గూడ ఉండొద్దు. మా ఆటో బ్యాటరీ గూడ గిట్లనే జేస్తది. జరసేపు ఊకుంటే మళ్ల జర లేస్తది.’ నాకు నమ్మకం కలగలేదు. అయినా వేరే దారి లేదు. ఇంట్లో ప్రతి స్విచ్చీ ఆపి, రౌటర్ పీకేసి, ఇన్వర్టర్ కూడా ఆర్పేసి నలభై నిమిషాలు కూర్చున్నాం. ఆ నలభై నిమిషాలూ మా అమ్మ, అవ్వ కలిసి అటుకులు, పల్లీలు వేయించి అందరికీ పెట్టారు. గ్యాసు నిండు బండ ఉండబట్టి పొయ్యి గురించి దిగులు లేదు. నల్లాలో మాత్రం చుక్క లేదు. ఒక హార్స్‌పవర్ మోటారును ఈ ఇన్వర్టర్ లాగలేదు కదా. ముందురోజు రాత్రి మా అమ్మ నింపి పెట్టిన గంగాళం, నాలుగు బిందెలే దిక్కయ్యాయి.

పదింటికి నెబ్యులైజరు ఒక్కదాన్నే పెట్టి ఇన్వర్టర్ వేశాం. లేచింది. ఎనిమిది నిమిషాలు నడిచి మళ్లీ పడిపోయింది. మందు దాదాపు అయిపోయింది. బాపు ఊపిరి నెమ్మదించింది. ఏడేళ్లలో ఈ పెట్టె నాకిచ్చిన పెద్ద సంతోషం ఏదంటే ఆ ఎనిమిది నిమిషాలే చెప్తాను. తెర మీద ఆ ఎనిమిది నిమిషాలూ 0:00 అనే ఉంది.

కరెంటు మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. ఆ మర్నాడు భద్రకాళి చెరువు కట్ట పోతననగర్ వైపు కోసుకుపోయిందని తెలిసి మళ్లీ టెన్షన్, ఆ కథ వేరు.

నీళ్లు తగ్గాక మెకానిక్ వచ్చి బ్యాటరీ మూతలు తీశాడు. ఆరు సెల్లుల్లో (బ్యాటరీ లోపలి అరల్లో) అయిదింటిలో, ఆమ్లం చిక్కదనం కొలిచే హైడ్రోమీటరు 1220 దగ్గర నిలబడింది; చార్జి ఎంత ఉంటే ఆ అంకె అంత ఎక్కువ. ఒక దాంట్లో 1120 కూడా కష్టంగా చూపింది. ఆ సెల్లులో ప్లేట్ల పైభాగం బయటపడి తెల్లగా గట్టిపడింది. ‘సార్, దీనికేం ఎరుక? డబ్బా నూటయాభైదని చెప్పి పెట్టినం. గది పట్టుకొని లెక్క జేస్తది. లోపట ఎంతుందో దీనికి దెల్వది’ అన్నాడు తెర వైపు చూపిస్తూ.

ఆయన చెప్పింది, తర్వాత నేను తెలుసుకున్నది కలిపితే సంగతి ఇదీ. మా మోడల్ అప్పటి వోల్టేజీని, అప్పుడు నడుస్తున్న లోడును చూసి, బ్యాటరీ కొత్తదే అనుకుని గుణించి చెబుతుంది. లోడు మారితే అంకె గెంతుతుంది. పాతబడ్డ బ్యాటరీ తేలిక లోడులో మంచి వోల్టేజీనే చూపుతుంది, బలహీనమైన సెల్లు చేతులెత్తేశాక ఒక్కసారిగా కూలుతుంది. దానికి తోడు 150 ఏహెచ్ అని రాసేది 20 గంటల లెక్కన, అంటే ఏడున్నర ఆంపియర్ల చొప్పున మాత్రమే తీసుకుంటే. అది తొంభై వాట్ల మాట. మూడు పాత ఫ్యాన్లే రెండు వందల పైన లాగుతాయి, అంత లాగితే కొత్త బ్యాటరీ కూడా డబ్బా మీద రాసినంత ఇవ్వదు.

తప్పంతా తెరదేనా అంటే, కాదు. బ్యాటరీ మీద ఆరు ప్లాస్టిక్ పుల్లలు ఉంటాయి, ఆకుపచ్చ, ఎరుపు గీతలతో. నీళ్లు తగ్గితే అవి దిగిపోతాయి. ఆ ఎండాకాలమంతా నేను వాటిని చూడలేదు. బ్యాటరీ ఉన్నది పడమటి గోడ పక్కన, మధ్యాహ్నం ఎండ తగిలేచోట. వరంగల్ ఎండకు మూడు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోయాల్సిన చోట ఏడు నెలలు పోయలేదు. ఎందుకు పోయలేదంటే, తెర మీద 8:10 అని ఉంది కదా! నా కోపం అక్కడే. నిజం చెప్పే పుల్ల మూలన దుమ్ము కొట్టుకుని ఉంది, అబద్ధం మాత్రం నీలిరంగులో వెలుగుతోంది.

2023 ఆగస్టులో బ్యాటరీ మార్చాను, ఇన్వర్టర్ అదే. ఈసారి తూర్పు వైపు గాలి తగిలే చోట పెట్టించాను. మెకానిక్‌ను అడిగి రెండు వందల లోపులో ఒక హైడ్రోమీటరు కొన్నాను. ఫ్యాన్లు రెండింటిని తక్కువ కరెంటు తాగే ముప్ఫై వాట్ల బీఎల్‌డీసీ మోటారు రకానికి మార్చాను. బ్యాకప్‌లో నిజమైన తేడా తెచ్చింది ఇవే, ఇన్వర్టర్‌కు పెట్టిన డబ్బు కన్నా వీటికి పెట్టిందే బాగా కలిసొచ్చింది.

ఏటా మిరుగం (మృగశిర కార్తె) నాడు, చేపల కూర తిన్నాక, మెయిన్ ఆపేసి పరీక్ష పెడతాను. రెండు ఫ్యాన్లు, మూడు ఎల్‌ఈడీ బల్బులు, రౌటర్. గోడ గడియారం చూసి సరిగ్గా ఆరు గంటలు. తర్వాత కాసేపు ఆగి ఆరు సెల్లుల్లోనూ హైడ్రోమీటరు పెట్టి పుస్తకంలో రాస్తాను. 2024లో 1190, 2025లో 1180. నిండుగా ఉన్నప్పుడు 1240 పైన ఉండేది కాబట్టి, ఆరు గంటల తర్వాత కూడా సగం దాకా ఉన్నట్టే. అన్ని సెల్లులూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నదే నేను ముఖ్యంగా చూస్తాను. మా ఆవిడకు ఇది పిచ్చిగా కనిపిస్తుంది. ఆ ఆరు గంటలూ ఫ్రిజ్ తెరవనివ్వను కదా.

2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వానకు మళ్లీ రాత్రంతా కరెంటు లేదు. కిందికి నీళ్లు వస్తాయని ఆటో అన్న వాళ్లు ముందే పైకొచ్చారు. ఈసారి ఎవరూ తెర దగ్గరకు వెళ్లలేదు. వెళ్లినా ఏమీ కనపడదు. 2023 వాన తర్వాతే మా అమ్మ పాత క్యాలెండర్ కాగితం చింపి దాని మీద అన్నం మెతుకులతో అతికించేసింది. ‘అబద్ధాల పెట్టె. దాని మొఖం నాకు జూపియ్యకుండ్రి’ అంది. ఆ రాత్రి ఒక ఫ్యాన్, రెండు బల్బులతో తెల్లారింది, నెబ్యులైజరు రెండుసార్లు నడిచింది, ఇన్వర్టర్ ఒక్కసారి కూడా కూయలేదు.

కొనమంటానా? సైన్ వేవ్ బాగుంది, ఫ్యాన్లు గుయ్యిమనవు, కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు రౌటర్ ఆగదు. ఏడేళ్లలో బోర్డు రిపేరు ఒక్కటీ రాలేదు. ఇవన్నీ నిజమే. మాకు ఇది సరిపోతోంది, ఎందుకంటే మాది పై అంతస్తు, లోడు తక్కువ, పుల్లలు చూసే మనిషి ఇంట్లో ఉన్నాడు. మీరు ఉద్యోగాలకు పోయి రాత్రికి గానీ ఇంటికి రారు, నీళ్లు పోయడం గుర్తుండదు అనుకుంటే లిథియం వైపు చూడండి. నీళ్ల పని ఉండదు, లోపలికి ఎంత వెళ్లిందో, బయటికి ఎంత వచ్చిందో లెక్కపెట్టే బోర్డు కూడా చాలావాటిలో ఉంటుంది. ధర మాత్రం ఎక్కువ, నాకింకా దాని అనుభవం లేదు. ఇంట్లో ఆయాసం మనిషి ఉంటే మాత్రం దేన్ని కొన్నా పక్కన ఒక నిండు పంపు, స్పేసర్ ఉంచుకోండి. నేను ఇప్పుడు రెండు ఉంచుతున్నాను.

మొన్న జమ్మికుంట నుంచి బావ ఫోన్ చేశాడు. వాళ్ల తెర మీద తొమ్మిది గంటలు చూపిస్తోందట. పుల్లలు ఎక్కడున్నాయో చూసి చెప్పమన్నాను. ‘ఏ పుల్లలు?’ అన్నాడు.