యాక్సిల్ సీల్ ఒక్కటే చాలా, బేరింగ్ కూడా మార్చాలా?

బోయిన్‌పల్లి మార్కెట్లో టమాటా ట్రేలు దించి బండి దగ్గరికి వస్తే, ఎడమ వెనక చక్రం లోపలి వైపు నల్లటి జిడ్డు కారి ఉంది. వేలితో తీసి వాసన చూశాను. చిక్కగా, గంధకం కంపు. గేర్ ఆయిలే, అంటే దాన్ని చక్రం వైపు రాకుండా ఆపే రబ్బరు రింగు, యాక్సిల్ సీల్, కారుతున్నట్టు. పలచగా ఉండి, నీళ్లు పోస్తే కొట్టుకుపోయేదైతే అది బ్రేక్ ఆయిల్, లోపం బ్రేక్ షూలని తోసే వీల్ సిలిండర్‌లో ఉన్నట్టు. అప్పుడు సీల్ జోలికి పోనక్కర్లేదు.

షెడ్డులో మెకానిక్ అడిగింది ఒకటే మాట: "అన్నా, సీల్ ఒక్కటే ఎయ్యాల్నా, బేరింగ్ గూడ మార్చాల్నా?" రెండేళ్ల కింద వేరే షెడ్డులో ఇదే అడిగితే "సీల్ చాలు" అన్నాను. రెండు నెలలు తిరక్కముందే అదే చక్రం మళ్లీ జాకీ మీదికెక్కింది.

ముందు మీ బండి ఏ రకమో చూసుకోండి. చక్రం బిగించే హబ్బు మధ్యలో గుండ్రంగా బోల్టులు బిగించిన ఫ్లాంజ్ (ఇనుప బిళ్ల) బయటికి పొడుచుకొచ్చి ఉంటే అది ఫుల్ ఫ్లోటింగ్. బరువంతా హబ్బులోని రెండు టేపర్ బేరింగుల మీద ఉంటుంది, షాఫ్టు అనే ఇనుప కడ్డీ చక్రాన్ని తిప్పే పని మాత్రమే చేస్తుంది. అందులో హబ్బు విప్పినప్పుడల్లా సీల్ కొత్తది వేసి, బేరింగులు కడిగి గ్రీజు పెట్టి సరిగ్గా బిగిస్తే అయిపోతుంది, పెద్దగా ఆలోచించేదేమీ లేదు. తలనొప్పి సెమీ ఫ్లోటింగ్‌తోనే. చాలా చిన్న పికప్పుల్లో ఉండేది అదే. అందులో షాఫ్టే బండి బరువు మోస్తుంది, బేరింగ్ షాఫ్టు మీదికి ప్రెస్ చేసి ఉంటుంది, దాన్ని కదలకుండా ఒక ఇనుప కాలర్ పట్టుకుంటుంది.

సీల్ ఒక్కటే మార్చడం సుఖమైన పనే. బ్రేక్ డ్రమ్ము తీసి, దాని వెనకుండే బ్యాకింగ్ ప్లేటు నట్లు విప్పితే చాలా బండ్లలో షాఫ్టు బేరింగ్‌తో సహా బయటికొస్తుంది. పాత సీల్ పీకి కొత్తది కొడతారు. బేరింగ్‌ని నొక్కి ఎక్కించే ప్రెస్సు యంత్రం అక్కర్లేదు, మధ్యాహ్నానికి బండి చేతికొస్తుంది, సీల్ ధర వందల్లోనే. బేరింగ్ కూడా అంటే కాలర్‌ని గ్రైండర్‌తో సగం లోతు కోసి, ఉలితో పగలగొట్టి, షాఫ్టు ప్రెస్సు ఉన్న చోటికి మోసుకెళ్లాలి. కొత్త కాలర్ తప్పనిసరి, పాతది మళ్లీ వాడకూడదు. గ్యాస్ కటింగ్‌తో పని తొందరగా అవుతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ వేడికి షాఫ్టు గట్టిదనం పోతుంది. బేరింగ్ మార్చే ఖర్చు వేలల్లోకి వెళ్తుంది, ఆ రోజు కిరాయి కూడా పోయినట్టే.

మరి ఏది మేలు? చాలాసార్లు సీల్ ఊరికే చెడదు. బేరింగ్ అరిగితే షాఫ్టు ఊగుతుంది, ఊగే షాఫ్టు సీల్ పెదవిని (షాఫ్టుకి ఆనుకునే రబ్బరు అంచుని) ఒక పక్క నొక్కి, ఇంకో పక్క వదిలేస్తుంది. అక్కడ ఎంత ఖరీదైన సీల్ పెట్టినా దండగే. నా మొదటి తప్పు అదే. అవుటర్ రింగ్ రోడ్డు మీద అద్దాలు దించుకుని వెళ్తూ వినండి. వేగంతో పెరిగే బొంగురు మోత ఉందా? బండి ఎడమకి తిరిగినప్పుడు బరువు కుడి చక్రం మీద పడుతుంది, మోత అప్పుడు పెరిగితే కుడి బేరింగ్ మీద అనుమానం. జాకీ ఎక్కించి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు లొడలొడలాడితే ఇంకో మాట లేదు, బేరింగ్ మార్చాల్సిందే. మోత లేదు, ఊగడం లేదు, బండి కొత్తదే అంటే సీల్ ఒక్కటే వేయించుకోండి, బెంగ అక్కర్లేదు. నాలాగా రోజూ లోడు వేసే పాత బండైతే షాఫ్టు బయటికొచ్చిన రోజే రెండూ అవగొట్టేయాలనేది నా లెక్క.

ఇంకో రెండు చూడాలి. షాఫ్టు మీద సీల్ ఆనే చోట గోరు గీసి చూడండి. గోరు తగులుకుంటే గాడి పడ్డట్టు. దానికి పల్చటి స్టీల్ స్లీవ్ తొడగచ్చు, లేదా సీల్‌ని ఒకటి రెండు మిల్లీమీటర్లు అటో ఇటో కూర్చోబెడితే పెదవి కొత్త చోట ఆనుతుంది. రెండోది, షాఫ్టుల్ని కప్పే యాక్సిల్ హౌసింగ్ పైన గాలి వెళ్లడానికి ఉండే బ్రీదర్. చిన్న టోపీలా ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. అది మట్టితో మూసుకుపోతే వేడెక్కిన గాలికి బయటికి దారి దొరకదు, ఆయిల్‌ని సీల్ గుండా తోసేస్తుంది. వానాకాలంలో అండర్‌పాస్ నీళ్లలో దిగినప్పుడైతే చల్లబడ్డ యాక్సిల్ నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది, ఆయిల్ పాలు కలిపిన చాయ్‌లా మారుతుంది. అలా మారితే మొత్తం ఆయిల్ మార్చాల్సిందే. బ్రీదర్ కడగడానికి ఐదు నిమిషాలు చాలు, అయినా రెండేళ్ల కింద నా బండికి ఎవరూ కడగలేదు.

బేరింగ్ రాణిగంజ్‌లోనో పుత్లీబౌలిలోనో తీసుకోవచ్చు. ఎస్‌కెఎఫ్, ఎన్‌బీసీ లాంటి పేరున్నవి తీసుకున్నా నకిలీలుంటాయి కాబట్టి బిల్లు రాయించుకోండి. సర్వీస్ సెంటరా, షెడ్డా అంటే నా ఓటు ప్రెస్సు ఉన్న షెడ్డుకే, కాకపోతే పక్కనే నిలబడాలి. సీల్ స్ప్రింగు వైపు ఆయిల్ వైపుకే ఉండాలి, పెదవికి గేర్ ఆయిల్ పూయాలి, ఉలితో ఒక పక్క కొట్టకుండా చుట్టూ సమంగా దించాలి. షాఫ్టు తోసేటప్పుడు దాని బరువు సీల్ మీద పడితే షాఫ్టు చివరుండే గాడుల (స్ప్లైన్ల) అంచు పెదవిని కోసేస్తుంది. ఈసారి నేనే రెండు చేతులా షాఫ్టుని ఎత్తి పట్టుకున్నాను, మెకానిక్ మెల్లగా తోశాడు.

ఆయిల్ తాగిన బ్రేక్ షూలు పెట్రోలుతో కడిగినా పనికిరావు. రెండు చక్రాలకీ జతగా కొత్తవి వేయించాను, లేకపోతే బ్రేకు పట్టినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది. రాత్రి ఇంటి ముందు ఆపి చక్రం కింద అట్టముక్క పరిచాను. పొద్దున చూస్తే పొడిగా ఉంది.