హిమాయత్‌నగర్‌లో మా సండే వాటర్‌కలర్ క్లాస్

హాబీగా బొమ్మలేసేవాళ్ళు ఎవరైనా సరే, ఈ క్లాస్‌లో జాయిన్ అయిపోండి. సార్ ఊరికే "బాగుంది" అనేసి వదలరు, నేనేసిన చార్మినార్ చూసి కళ్ళు సగం మూసి చూడమ్మా అన్నారు, అలా చూస్తే వివరాలు పోయి వెలుగు నీడలే కనిపిస్తాయి కదా, మినార్లూ ఆకాశమూ ఒకే టోన్‌లో కలిసిపోయాయని వెంటనే తెలిసింది. నా బొమ్మ ముట్టుకోకుండా పక్కన చిన్న ముక్క మీద, ఎండ వైపు వదిలేసి నీడ వైపు అల్ట్రామెరైన్ నీలంలో కొంచెం బర్న్ట్ సియెన్నా అనే ఎర్ర గోధుమ రంగు కలిపి ఒక్క వాష్, అంటే నీళ్ళగా పల్చటి పూత, వేశారు, మినార్ గుండ్రంగా లేచి నిలబడింది అసలు! పేపర్ మాత్రం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువుండే మందపాటిది) కొనుక్కోండి, పల్చటిది తడికి ఉబ్బిపోతుంది. బ్యాచ్ పెద్దది, మన వంతు రావడం లేటే, కానీ పక్కవాళ్ళకి చెప్పేది వింటూ కూర్చున్నా బోలెడు నేర్చుకోవచ్చు.